ఎవరి స్నేహితురాలు?

ఆ మధ్య ఒక సెమినార్‌కి వెళ్లాను. ఆసియా దేశాల్లో ఆధునిక ఆర్కిటెక్చర్ గురించి ఒక పెద్దమనిషి గంటసేపు మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. చండీగఢ్, అహ్మదాబాద్, ఢాకా, కొలంబో అన్నీ తిప్పి చూపించాడు. కొలంబోలో జెఫ్రీ బావా దగ్గర పావుగంట ఆగాడు. చివర్లో ఒక పాత నలుపు తెలుపు ఫోటో తెర మీద వేశాడు. 1947లో ఇంగ్లండులోని బ్రిడ్జ్‌వాటర్‌లో జరిగిన ఆధునిక ఆర్కిటెక్ట్‌ల అంతర్జాతీయ సమావేశం. కోట్లు తొడుక్కున్న మగవాళ్ల మధ్య చీర కట్టుకున్న ఒక యువతి. "ఈవిడ మిన్నెట్ డి సిల్వా, సిలోన్ అమ్మాయి. ల కార్బూజియేకి స్నేహితురాలు" అన్నాడు. 'స్నేహితురాలు' అన్న మాటని కాస్త సాగదీశాడు. హాలు నవ్వింది. స్లైడు మారిపోయింది.

నేను నవ్వలేదు. కానీ లేచి మాట్లాడనూ లేదు. ముందు వరసలో కూర్చున్న మా పాత విద్యార్థినులు ఇద్దరు వెనక్కి తిరిగి నా ముఖం చూశారు. మేడమ్ ఏమైనా అంటారేమోనని చూశారు. మేడమ్ ఏమీ అనలేదు. టీ తాగి ఇంటికొచ్చేసింది. ఆ రోజు అనకుండా మింగిన మాటే ఈ వ్యాసం.

సాహిత్య పత్రికలో ఆర్కిటెక్ట్ గొడవేమిటని కొందరు అనుకోవచ్చు. స్త్రీల రచనల్ని చరిత్రలోంచి ఎలా తుడిచేస్తారో మనకి తెలుసు. ముప్ఫై నలభై ఏళ్లుగా దాని గురించే రాస్తున్నాం. ముద్దుపళని కావ్యం గురించి మాట్లాడాల్సిన చోట ఆమె కులం గురించీ, కొలువు గురించీ మాట్లాడిన వాళ్లని చూశాం. ఇటుకా సున్నం విషయంలోనూ సరిగ్గా అదే జరిగింది. తేడా ఒక్కటే. పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించుకోవచ్చు, బెంగుళూరు నాగరత్నమ్మ వేయించింది. కూలగొట్టిన ఇంటిని మళ్లీ అచ్చు వేయించలేం.

ఇంకో మాట. తెలుగులో 'వాస్తుశిల్పి' అంటే ఈ రోజుల్లో అందరికీ ఈశాన్యం మూలా, గేటు మార్చడమూ గుర్తుకొస్తున్నాయి. అందుకే ఆర్కిటెక్ట్ అనే రాస్తాను.

*

ముందు ఆ స్లైడు చెప్పని సంగతులు.

మిన్నెట్ 1918లో కాండీలో పుట్టింది. తండ్రి జార్జ్ ఇ. డి సిల్వా లాయరు, సిలోన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు, సింహళ బౌద్ధుడు. తల్లి ఆగ్నెస్ బర్గర్ క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చింది. 1927లో మొదలైన స్త్రీల ఓటు హక్కు సంఘంలో ముందు నిలబడి పనిచేసింది. 1931 నాటికి సిలోన్‌లో స్త్రీ పురుషులందరికీ ఓటు వచ్చిందంటే అందులో ఆగ్నెస్ లాంటి స్త్రీల చెమట ఉంది. అక్క అనిల్ డి సిల్వా 1943లో బొంబాయిలో ఇప్టాకి మొదటి ప్రధాన కార్యదర్శి. మన ప్రజానాట్యమండలి ఆ ఇప్టా కుటుంబంలోదే. ప్రజానాట్యమండలి చరిత్ర చెప్పుకునే మనలో ఎంతమందికి అనిల్ పేరు తెలుసు? నాకు తెలియదు, చాలా ఏళ్ల దాకా.

సిలోన్‌లో ఆర్కిటెక్చర్ చదువు లేదు. ఇంట్లో పెద్దల్ని ఒప్పించుకుని మిన్నెట్ బొంబాయి వచ్చింది. మిస్త్రీ, భేద్వార్‌ల ఆఫీసులో పని నేర్చుకుంది. మన దేశంలో 1936లోనే ఆర్కిటెక్ట్ అయిన పెరిన్ మిస్త్రీది ఆ కుటుంబమే. తర్వాత జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరింది. 1942లో గాంధీని విడుదల చేయమంటూ తీసిన ఊరేగింపులో నడిచింది. క్షమాపణ చెప్పమన్నారు. చెప్పనంది. పంపించేశారు. మన దేశ స్వాతంత్ర్యం కోసం చదువు పోగొట్టుకున్న పరాయి దేశపు పిల్ల ఆమె. ఆ తర్వాత జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని మైసూరు సంస్థానానికి వచ్చిన ఒటో కోనిగ్స్‌బెర్గర్ దగ్గర బెంగుళూరులో పనిచేసింది. అక్కడి నుంచి లండన్ వెళ్లి చదువు పూర్తి చేసింది. 1948లో రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్‌లో అసోసియేట్ అయింది. ఆసియా స్త్రీలలో ఆ సభ్యత్వం మొదట వచ్చింది ఆమెకే. అప్పటికే, 1946లో, ముల్క్ రాజ్ ఆనంద్ సంపాదకుడిగా మొదలైన 'మార్గ్' పత్రిక స్థాపనలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఉన్నారు.

బ్రిడ్జ్‌వాటర్ ఫోటోలో చీర కట్టుకున్న అమ్మాయి వెనక ఇంత ఉంది. ఆమె అక్కడికి ఎవరి చెయ్యి పట్టుకునో రాలేదు. మన ఉపఖండం వైపు నుంచి ప్రతినిధిగా వచ్చింది.

1949లో కాండీకి తిరిగి వెళ్లి, తల్లిదండ్రుల ఇల్లు సెయింట్ జార్జెస్‌లోనే ఆఫీసు పెట్టింది. మొదటి పని కరుణరత్న దంపతుల ఇల్లు. కొండవాలు మీద, నేల ఎలా దిగితే ఇల్లూ అలా మెట్లు మెట్లుగా దిగేటట్టు కట్టింది. కాంక్రీటుని వదల్లేదు. దాని పక్కనే దుంబర చాపల నేతనీ, లక్కపనినీ, కాల్చిన మట్టి పలకల్నీ తెచ్చి పెట్టింది. గోడ మీద చిత్రం జార్జ్ కీట్ వేశాడు. 1951కి ఇల్లు పూర్తయింది. ల కార్బూజియే చండీగఢ్ పని మీద మొదటిసారి మన దేశంలో అడుగుపెట్టింది ఆ ఏడాదే. ఆయన వచ్చి ఇక్కడి ఎండనీ వాననీ అర్థం చేసుకోవడం మొదలుపెట్టే సరికే కాండీ కొండ మీద ఆ ఇల్లు నిలబడి ఉంది. ఎవరు ఎవరి స్నేహితులో, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాల్సిందో మీరే ఆలోచించండి.

తను చేస్తున్న పనికి ఆమె పేరు కూడా పెట్టుకుంది. ఆధునిక ప్రాంతీయ ఆర్కిటెక్చర్ అంది. 1950ల మొదట్లోనే మార్గ్‌లో రాసింది. పరాయి దేశపు ఆధునికతని ఎత్తుకొచ్చి అతికించడం కాదు, పాతదాన్ని అలంకారంగా తగిలించడమూ కాదు, రెండూ కలిసి కొత్తది కావాలి అన్నది ఆమె వాదన. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1981లో త్సోనిస్, లెఫేవ్ర్, 1983లో కెనెత్ ఫ్రాంప్టన్ 'క్రిటికల్ రీజనలిజం' అనే మాటని ప్రపంచానికి పరిచయం చేశారు. మేమందరం ఆ మాటని పరీక్షల్లో రాశాం. మా విద్యార్థుల చేత రాయించాం. పది మార్కుల ప్రశ్న అది. ఆ పది మార్కుల్లో మిన్నెట్‌కి అర మార్కు కూడా దక్కలేదు. ఆమె రాసింది పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో కాదు, కాండీలో కూర్చుని. పైగా ఆడమనిషి. సిద్ధాంతం వాళ్లు రాస్తారు, మనం కేవలం 'అనుభవం' రాస్తాం. స్త్రీవాద కవిత్వాన్ని సిద్ధాంతం లేని ఒళ్లునొప్పులు అన్న విమర్శకులు మనకీ ఉన్నారు కదా.

*

1952, 56 మధ్య కొలంబోలో పియరిస్ కుటుంబానికి ఇల్లు కట్టింది. కింద స్తంభాలు, పైన ఇల్లు. అది కార్బూజియే వ్యాకరణం. కానీ మధ్యలో 'మిదుల' ఉంది. మిదుల అంటే సింహళుల ఇంట్లో మధ్యనుండే వాకిలి. మన మండువా లోగిలి లాంటిదే.

మండువా అనగానే మన మగ ఆర్కిటెక్టులకి కళ్లు మూతలు పడతాయి. గతవైభవం అంటారు, కుటుంబ అనుబంధాలు అంటారు. మా అమ్మమ్మకి మండువా అంటే వడియాలు ఎండే చోటు. వంటింట్లోంచి తొంగిచూస్తే పాకే పిల్ల కనిపించే చోటు. వీధిలోకి పోకుండానే ఆకాశం చూడగలిగే ఒకే ఒక్క చోటు. జోరువాన వస్తే నడుం వంచి నీళ్లు తోడాల్సిన చోటు కూడా. అలాంటి జాగా నగరపు స్థలంలో, కాంక్రీటు ఇంట్లో మళ్లీ ఎలా బతుకుతుందని ఆలోచించడం గతం మీద మోజు కాదు. చాలా ఆధునికమైన పని అది.

కొలంబోలో మధ్యవాకిలిని ఆధునిక ఇంట్లోకి తిరిగి తెచ్చిన ఘనత పుస్తకాల్లో ఎవరి పేరిట ఉంటుందో తెలుసా? 1960ల మొదట్లో ఎనా డి సిల్వా ఇల్లు కట్టిన జెఫ్రీ బావా పేరిట. బావా మీద నాకు కక్ష ఏమీ లేదు. గొప్ప ఆర్కిటెక్ట్. ఆయన తోటలు చూస్తే కళ్లు చెమరుస్తాయి. ఆయన మొదట లాయరు. ఆర్కిటెక్ట్‌గా అర్హత సంపాదించింది 1957లో. అప్పటికి పియరిస్ ఇల్లు కట్టి అయిపోయింది. కొలంబోలో సేనానాయకే ఫ్లాట్లు కూడా లేచాయి. ఆయన తర్వాత వచ్చాడు, ఎక్కువ కట్టాడు, 1982 నాటికి పార్లమెంటు భవనం కట్టాడు, 2001లో ఆగాఖాన్ చైర్మన్స్ అవార్డు అందుకున్నాడు. అన్నీ నిజమే. కానీ తర్వాత వచ్చిన మనిషి మూలపురుషుడు ఎలా అయ్యాడు? ముందు నడిచిన మనిషి 'ఆసక్తికరమైన ఫుట్‌నోట్' ఎలా అయింది? నా తగాదా బావాతో కాదు. కేలండరుని కూడా మగవాడి వైపు తిప్పగలిగే చరిత్రకారులతో.

1958లో కాండీ దగ్గర వటపులువలో ప్రభుత్వ ఉద్యోగులకి ఒక హౌసింగ్ కాలనీ చేసింది. రెండు వందల పైచిలుకు ఇళ్లు. అంతకు రెండేళ్ల ముందే 'సింహళం మాత్రమే' చట్టం వచ్చింది. ఆ 1958లోనే తమిళుల మీద ఘోరమైన దాడులు జరిగాయి. అలాంటి ఏడాదిలో వేరువేరు భాషల, వేరువేరు మతాల కుటుంబాలు పక్కపక్కన ఉండబోయే కాలనీ అది. ఇళ్లలో ఉండబోయే వాళ్లని కూర్చోబెట్టి అడిగింది. మీరెంతమంది, ఎలా వండుకుంటారు, ఎవరు వచ్చిపోతుంటారు, ఎంత ఖర్చు పెట్టుకోగలరు? జవాబుల్ని బట్టి కొన్ని రకాల నమూనాలు గీసి, వాటిని కుటుంబాలకి తగ్గట్టు మార్చింది. ఈ రోజున దీన్ని 'పార్టిసిపేటరీ డిజైన్' అంటారు. దాని మీద ఎన్జీవోలు వర్క్‌షాపులు పెడతాయి. ఆ రోజుల్లో ఆడది చేస్తే అది పద్ధతి కాదు. నలుగురినీ అడిగి చేసే ఆడవాళ్ల స్వభావం, అంతే.

*

ఇక మామూలుగా వినపడే వాదనలు.

ఒకటి, 'ఆవిడ కట్టినవి తక్కువ'. తక్కువే. ఎందుకు తక్కువ అన్న ప్రశ్న వేయరేం? ఆడమనిషి గీసిన గీత మీద లక్షలు పెట్టడానికి ముందుకొచ్చే వాళ్లు ఎంతమంది? తను ఆడదాన్ని కావడం వల్లే తన పనిని ఎవరూ గట్టిగా పట్టించుకోలేదని మిన్నెట్ దాపరికం లేకుండా చెప్పుకుంది. నాకు ఆ మాట నమ్మడానికి సాక్ష్యాలు అక్కర్లేదు. ఎనభైల్లో చదువు ముగించి నేను మొదటిసారి సైటుకి వెళ్లిన రోజున మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "సార్ ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగాడు. స్లాబు సెంట్రింగ్ లెవెల్ తప్పిందని చెప్పాను. "సార్ వచ్చి చెప్తే మారుస్తాం" అన్నాడు. సార్ అంటే మా ఆయన. ఆయనకీ అదే డిగ్రీ. నాకంటే నాలుగు మార్కులు తక్కువ. మా ఆఫీసు బోర్డు మీద ఆయన పేరు, కింద 'అండ్ అసోసియేట్స్' అని ఉండేది. ఆ అసోసియేట్స్ నేనే. పగలు కాలేజీలో పాఠం, రాత్రి పిల్లలు పడుకున్నాక డ్రాయింగులు. నేను గీసిన ఇళ్లు పదకొండు ఉన్నాయి ఈ హైదరాబాద్‌లో. ఒక్కదాని మీదా నా సంతకం లేదు. 'నువ్వు కట్టినవెన్ని' అని నన్ను అడిగితే ఏ లెక్క చెప్పను?

రెండు, 'నిలకడ లేదు'. 1960 తర్వాత ఏళ్ల తరబడి దేశాలు పట్టుకు తిరిగింది, 1973లో లండన్ వెళ్లిపోయింది, వృత్తిని మధ్యలో వదిలేసింది అంటారు. మగవాడు తిరిగితే దేశాటన, ఆడది తిరిగితే నిలకడలేమి. ఆ తిరుగుళ్లలో ఆమె ఆసియా దేశాల మామూలు జనం ఇళ్లని ఫోటోలు తీసింది. ఆ ఫోటోలే తర్వాత పాఠాలయ్యాయి, ప్రదర్శనలయ్యాయి.

మూడు, 'మనిషి కష్టం, ఎవరితోనూ పడేది కాదు'. దీనికి జవాబు చెప్పడం కూడా దండగ. కార్బూజియే ఎంత మెత్తని మనిషో పుస్తకాలన్నీ రాశాయి. ఆయన మొండితనం మేధస్సుకి గుర్తు. ఆమె మొండితనం గయ్యాళితనం.

నాలుగో వాదన ఉంది. అది మన వైపు నుంచే వస్తుంది, దానికి మాత్రం నేను తల వంచుతాను. మిన్నెట్ పెద్దింటి బిడ్డ. నాయకుడి కూతురు. ఆమెకి కాండీలో ఇల్లుంది, లండన్ చదువుంది. ఆమె ఇళ్లల్లో తలుపులకి అమర్చిన దుంబర చాపలు నేసిన చేతులెవరివి? ఆ నేత కిన్నర కులస్తుల వృత్తి. సింహళ కులాల మెట్లలో అట్టడుగున ఉంచిన కులం. మిన్నెట్ వాళ్ల పనిని మేడ గదుల్లోకి తెచ్చింది, బజారు సరుకుతో చస్తున్న నేతకి బతుకు చూపించాలనుకుంది. కానీ నేసిన వాళ్ల పేర్లు మన దాకా రాలేదు. స్త్రీ పేరు చెరిపేశారని వాపోయే నేను ఈ చెరిపివేతని దాటేసి పోలేను. మన సైట్లలో పాలమూరు నుంచి వచ్చి తట్టలు మోసే ఆడవాళ్లు లేకుండా హైదరాబాద్‌లో ఒక్క స్లాబు పడలేదు. చంకలో బిడ్డని దించి ఇసక కుప్ప పక్కన పడుకోబెట్టి, మళ్లీ తట్ట ఎత్తుకునే వాళ్లు. నేను ప్లాను చుట్టుకుని వాళ్ల పక్కనుంచే నడిచి వెళ్లాను. ఒక్కరి పేరు నాకు గుర్తులేదు.

అయితే ఈ వాదనని నేను వేరే రకంగా వాడతాను. మిన్నెట్ పెద్దింటి బిడ్డ కాబట్టి ఆమె మరుపుకి బాధపడనక్కర్లేదని కాదు. అంత పెద్దింటి బిడ్డకే, అంత చదువుకే, అన్ని పరిచయాలకే చరిత్ర ఈ గతి పట్టిస్తే, చాప నేసిన మనిషికి ఏం మిగులుస్తుంది అని. ఒకరిని వెలికితీయడం ఇంకొకరిని పాతిపెట్టడం కాకూడదు. తవ్వడం మొదలుపెట్టాక పై పొరతో ఆగకూడదు.

*

ఇక నా సంగతి. ఈ వ్యాసంలో అసలు ముద్దాయి నేనే.

ఆర్కిటెక్చర్ చదివిన వాళ్లందరికీ బానిస్టర్ ఫ్లెచర్ పుస్తకం తెలుసు. దిండంత ఉంటుంది. 1896లో మొదటిసారి వచ్చింది. తర్వాతి ముద్రణల్లో ప్రపంచపు కట్టడాలన్నిటినీ 'చారిత్రక శైలులు', 'చారిత్రకం కాని శైలులు' అని రెండుగా చీల్చింది. మనవీ, చైనావీ, పెరూవీ చారిత్రకం కానివి. ముందు పేజీలో ఒక చెట్టు బొమ్మ ఉండేది. గ్రీకు, రోమన్, గోథిక్ మాను పొడుగునా పైకి పెరుగుతాయి. భారతదేశం పక్క కొమ్మ. అక్కడితో ఆగిపోతుంది. అజంతా, అమరావతి ఆగిపోయిన కొమ్మలు!

1975లో ఆ పుస్తకం పద్దెనిమిదో ముద్రణ వచ్చింది. మా కాలేజీ లైబ్రరీలో ఉన్నది ఆ ముద్రణే. ఇరవై రెండేళ్లు నేను అందులోంచి నోట్స్ తయారు చేసుకుని చరిత్ర పాఠం చెప్పాను. రిటైరయ్యే ముందు సంవత్సరం ఒక విద్యార్థిని లైబ్రరీలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. "మేడమ్, మన దేశాల చాప్టర్ కోసం రాసింది శ్రీలంక ఆవిడట. మిన్నెట్ డి సిల్వాట. మీకు తెలుసు కదా మేడమ్?"

'తెలుసు కదా మేడమ్'. ఆ నమ్మకం నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

నాకు తెలియదు. 1973లో లండన్ వెళ్లాక దక్షిణాసియా ఆర్కిటెక్చర్ గురించి ఆ ముద్రణకి రాసింది మిన్నెట్. మనల్ని చరిత్రలేని వాళ్లన్న పుస్తకంలోకి మన వైపు మనిషే వెళ్లి మన చరిత్ర రాసింది. పుస్తకం మీద పేరు మాత్రం బానిస్టర్ ఫ్లెచర్‌దే. ఆయన 1953లోనే చనిపోయాడు. చనిపోయి ఇరవై రెండేళ్లయిన మగవాడి పేరుకున్న బలం బతికుండి రాసిన ఆడమనిషి కలానికి లేదు. నేను ఇరవై రెండేళ్లు "ఫ్లెచర్ ఏమంటాడంటే" అంటూ పాఠం చెప్పాను.

1975 నుంచి 79 దాకా ఆమె హాంకాంగ్ యూనివర్సిటీలో పాఠం చెప్పింది. ఆసియా ఆర్కిటెక్చర్ చరిత్ర. ఆసియా పిల్లలకి ఆసియా కేంద్రంగా చరిత్ర చెప్పాలన్నది ఆమె పట్టు. తను తిరిగి తీసిన ఫోటోలు ఆమె పాఠ్యపుస్తకాలు. ఆమె జీవితం మీద ఎవరు రాసినా ఈ నాలుగేళ్లని ఒక్క వాక్యంలో దాటేస్తారు. వృత్తి సాగక ఉద్యోగం చేసుకుంది అన్నట్టు రాస్తారు.

మగ ఆర్కిటెక్ట్ పాఠం చెబితే అది గురుపరంపర. ఫలానా వారి శిష్యుణ్ణని ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా చెప్పుకుంటారు. ఆడమనిషి పాఠం చెబితే అది 'ఆడవాళ్లకి అనుకూలమైన ఉద్యోగం'. సాయంత్రం నాలుగింటికి ఇంటికి పోవచ్చు, వేసవి సెలవులుంటాయి. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా అత్తగారు అన్న మాటలివి. మా కాలేజీలో డిజైన్ స్టూడియో ఎప్పుడూ మగ ప్రొఫెసర్లదే. చరిత్ర, ఇంటీరియర్స్, లాండ్‌స్కేప్ మాకు. అవి 'మేడమ్ క్లాసులు'. చండీగఢ్‌లో 1951 నుంచి పనిచేసి, 1963లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కి డైరెక్టర్ అయి, తర్వాత చండీగఢ్‌కే చీఫ్ ఆర్కిటెక్ట్ అయిన ఊర్మిళా యూలీ చౌదరిని తలుచుకునే శిష్యపరంపర ఎక్కడుంది? ఆవిడ పేరు మా సిలబస్‌లో లేదు. సిలబస్ కమిటీలో నేనూ ఉన్నాను. అది కూడా చెప్పాలి. పేరు చేర్చాలని నాకూ తట్టలేదు. చెరిపేసే పనికి మగవాళ్లే అక్కర్లేదు. వాళ్ల పుస్తకాలతో చదువుకున్న మనం చాలు.

*

ఇప్పుడు ఆ 'స్నేహితురాలు' దగ్గరికి వద్దాం.

వాళ్లిద్దరూ స్నేహితులే. 1965లో ఆయన చనిపోయే దాకా ఉత్తరాలు రాసుకున్నారు. అందులో దాచాల్సింది ఏముంది? ఆయన ఆమె పనిని గౌరవించాడు, ఆమె ఆయన పనిని గౌరవించింది. ఇంకేమైనా ఉందో లేదో నాకు అనవసరం. నా అభ్యంతరం స్నేహం మీద కాదు. కార్బూజియే గురించి మాట్లాడేటప్పుడు 'ఈయన మిన్నెట్ డి సిల్వా స్నేహితుడు' అని ఎవరూ ఎందుకు పరిచయం చేయరని.

ఈ మధ్య ఆమెని మళ్లీ గుర్తు చేసుకుంటున్నారు. 2019లో షిరోమి పింటో ఇంగ్లీషులో 'ప్లాస్టిక్ ఇమోషన్స్' అనే నవల రాసింది. మిన్నెట్, కార్బూజియేల ప్రేమ ఊహించి రాసిన నవల. 2022లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం దక్షిణాసియా ఆర్కిటెక్చర్ మీద పెట్టిన ప్రదర్శనలో ఆమె పని ఉంది. సంతోషమే. నవల రాసింది స్త్రీ, శ్రీలంక మూలాలున్న స్త్రీ. నవలకి ఊహించే హక్కుంది, కాదనను. కానీ ఒక సంగతి గమనించండి. ఆమె ఇళ్లు తెలియని వాళ్లకి కూడా ఆమె ప్రేమకథ తెలుస్తోంది. వటపులువలో రెండు వందల కుటుంబాలని అడిగి ఇళ్లు కట్టిన కథ నవలకి పనికిరాదా? ఊరేగింపులో నడిచి, క్షమాపణ చెప్పనని చదువు వదులుకున్న అమ్మాయి కథ పనికిరాదా? స్త్రీ జీవితంలో కథ ఎక్కడుందంటే మనం కూడా మగవాడి ఉత్తరాల కట్ట వైపే చెయ్యి చాపుతున్నాం. అలవాటు అంత లోతుగా ఉంది.

మిన్నెట్ తన కథ తనే చెప్పుకుంది. 'ఒక ఆసియా మహిళా ఆర్కిటెక్ట్ జీవితం, కృషి' అని ఇంగ్లీషులో ఆత్మకథ. ఉత్తరాలు, ఫోటోలు, పేపరు కత్తిరింపులు, ప్లాన్లు, జ్ఞాపకాలు, అన్నీ అతికించిన పెద్ద పుస్తకం. క్రమం లేదంటారు చూసినవాళ్లు. ఎలా ఉంటుంది క్రమం? తన కాగితాలు దాచే సంస్థ లేదు, తన మీద పుస్తకం రాసే శిష్యుడు లేడు. తనకి తనే ఆర్కైవ్ కావాల్సొచ్చిన మనిషి పుస్తకం అది. ట్రంకు పెట్టె అడుగున పెళ్లి పత్రికలూ, పురుటి లెక్కలూ, ఒక పాత ఉత్తరమూ కలిపి దాచుకున్న మన అమ్మల పద్ధతి అది. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' కోసం తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల దగ్గర కూర్చుని విన్నప్పుడు, ఆ మాటల్లోని తెగిపోయిన కొసలనీ మౌనాలనీ చరిత్రగానే చదవడం మనకి నేర్పారు. ఆ చదువుతో మిన్నెట్ పుస్తకం తెరిస్తే అది గందరగోళంగా కనిపించదు.

ఆ పుస్తకం 1998లో వచ్చింది. అదే ఏడాది నవంబరులో, ఎనభై ఏళ్ల వయసులో, ఇంట్లో స్నానాల గదిలో పడి, కాండీ ఆసుపత్రిలో ఆమె చనిపోయింది. ఒంటరిగా, చేతిలో డబ్బు లేకుండా. శ్రీలంక ఆర్కిటెక్టుల సంస్థ గోల్డ్ మెడల్ ఇచ్చింది అంతకు రెండేళ్ల ముందు, 1996లో. మొదటి ఇల్లు కట్టిన నలభై అయిదేళ్లకి. సెయింట్ జార్జెస్ శిథిలమైపోయింది.

*

ఏం చేద్దాం మరి? ఆమెకి ఒక పుట్టినరోజు సభ పెట్టి దండ వేయడం నాకు ఇష్టం లేదు. 'మరుగునపడ్డ మాణిక్యం' అని ఇంకో వ్యాసం రాయడమూ ఇష్టం లేదు. మాణిక్యాలు వాటంతటవి మరుగున పడవు. పడేసే వాళ్లుంటారు.

ఆర్కిటెక్చర్ కాలేజీల్లో పాఠం చెబుతున్న స్త్రీలారా, మీ సిలబస్‌లో తేదీలు సరిచేయండి. ముందు వచ్చినవాళ్లని ముందు చెప్పండి. సాహిత్యం చదువుతున్న స్నేహితులారా, మీరుండే ఇంటి ప్లాను ఎవరు గీశారో కనుక్కోండి. 'అండ్ అసోసియేట్స్' ఎవరో కనుక్కోండి. మన ఊళ్లల్లో యాభైల్లో, అరవైల్లో ఇంజనీరింగూ ఆర్కిటెక్చరూ చదివిన మొదటి తరం స్త్రీలు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. టేపు రికార్డరు అవసరం కూడా లేదిప్పుడు, ఫోను చాలు. వాళ్ల దగ్గర కూర్చోండి. తట్ట మోసిన వాళ్ల దగ్గరా కూర్చోండి. పేర్లు రాసుకోండి.

నేను ఒక పని మొదలుపెట్టాను. రాత్రుళ్లు గీసిన ఆ పదకొండు ఇళ్ల డ్రాయింగులు అటక మీదినుంచి దింపాను. మూడింటికి చెదలు పట్టాయి. మిగిలిన ఎనిమిదింటి మూలల్లో, ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా, నా పేరు రాసుకున్నాను. మా ఆయన చూసి, "ఇప్పుడెందుకు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

వచ్చేసారి ఏ సెమినార్‌లోనైనా ఆ ఫోటో తెర మీదికి వస్తే, స్లైడు మారేలోపు నేను లేచి నిలబడతాను. ముందు వరసలో ఉన్న పిల్లలు వెనక్కి తిరిగి చూసేదాకా ఆగను.